ఒకే ఊనిక, ఒకే మాట: నార్వే సమాసాల కథ

రెండు మాటలు పక్కపక్కన నిలబడినంత మాత్రాన సమాసం ఏర్పడదు. మరి వాటిని ఒక్క మాటగా బిగించేది ఏది? నడుమ విభక్తి లోపించడమా, ఖాళీ విడవకుండా రాయడమా, లేక నోట పలికే తీరా? సంస్కృత వైయాకరణులు సమాసం వల్ల కలిగే ప్రయోజనాలను చెబుతూ ఐకపద్యంతో పాటు ఐకస్వర్యాన్ని కూడా పేర్కొన్నారు. అంటే రెండు పదాలూ ఒక పదం కావడమే కాక, రెండింటికీ కలిపి ఒకే స్వరం మిగలడం. మొదటిదాన్ని మనలో చాలామందిమి బడిలోనే నేర్చుకున్నాం. రెండవది వేదపాఠశాలల గడప దాటి బయటికి రాలేదు. లౌకిక సంస్కృతంలో స్వరభేదం లుప్తమైంది. తెలుగులో స్వరాన్ని బట్టి మాటకు అర్థం మారదు. కనుక మనకు దాని అవసరమూ తోచలేదు. ఆ రెండవదాని బలమెంతో నాకు తెలిసివచ్చింది నార్వే దేశపు భాషాచరిత్ర చదివినప్పుడు. ఈ టపా దాని గురించే.

ముందు మనకు తెలిసిన కథ ఒకటి గుర్తు చేస్తాను. తన కొడుకును చంపిన ఇంద్రుడి మీద పగతో త్వష్ట హోమం చేశాడు, ఇంద్రుణ్ణి సంహరించగలవాడు పుట్టాలని. మంత్రంలో ‘ఇంద్రశత్రు’ అన్న సమాసం ఉంది. ఉదాత్తం చివరి అక్షరం మీద ఉంటే అది తత్పురుషం. ఇంద్రుణ్ణి చంపేవాడని అర్థం. మొదటి అక్షరం మీద ఉంటే బహువ్రీహి. ఇంద్రుడు ఎవడికి సంహర్తో వాడని అర్థం. త్వష్ట నోట ఉదాత్తం మొదటి అక్షరం మీద పడింది. వృత్రుడు పుట్టాడు, ఇంద్రుడి చేతిలో చచ్చాడు. తైత్తిరీయసంహితలోని ఈ వృత్తాంతాన్ని పతంజలి మహాభాష్యం మొదటి ఆహ్నికంలోనే ప్రస్తావించాడు. పాణిని అష్టాధ్యాయిలో ఆరవ అధ్యాయం రెండవ పాదాన్నంతటినీ, అంటే సుమారు 200 సూత్రాలను, సమాసంలో స్వరం ఎక్కడ నిలుస్తుందన్న విచారణకే కేటాయించాడు. ఒక్క హల్లు మారలేదు, ఒక్క అచ్చు మారలేదు. స్వరం చోటు మారేసరికి చంపేవాడు చచ్చేవాడయ్యాడు.

ఇక నార్వేకి వద్దాం. చదువరుల సౌకర్యం కోసం ఒక మాట: ఇక మీదట అక్షరం అన్నప్పుడు సిలబుల్ అనే అర్థంలోనూ, ఊనిక అన్నప్పుడు స్ట్రెస్ అనే అర్థంలోనూ వాడుతున్నాను. రాతలోని ఒక్కొక్క గుర్తును లిపిగుర్తు అంటాను.

నార్వే భాషలో ‘హూస్’ అంటే ఇల్లు. ‘అరెస్ట్’ అంటే మనం ఎరిగినదే. రెండూ కలిస్తే గృహనిర్బంధం. రాతలో ఇది ఒకే మాట. నడుమ ఖాళీ ఉండదు, గీత ఉండదు. అదే భాషలో ‘హుసార్’ అంటే ఆశ్వికసైనికుడు, ‘రెస్ట్’ అంటే మిగిలినది. ఈ రెండింటినీ కలిపి రాసినా కాగితం మీద సరిగ్గా అవే లిపిగుర్తులు అదే వరుసలో వస్తాయి. మన ఆలంకారికులు సభంగశ్లేష అన్నది ఇటువంటిదాన్నే. కంటికి తేడా లేదు, చెవికి ఉంది. గృహనిర్బంధం అన్నప్పుడు ఊనిక ‘హూస్’ మీద పడుతుంది. సైనికుడి శేషం అన్నప్పుడు ‘సార్’ మీద పడుతుంది. ఎక్కడ విరవాలో చెప్పేది గొంతు ఒక్కటే.

ఈ భాషలో సమాసానికి సూత్రం చిన్నది. ఎన్ని పదాలు కలిపినా ప్రధానమైన ఊనిక ఒక్కటే, అది సాధారణంగా మొదటి పదానిదే. తరువాతి పదం తన ఊనికను పూర్తిగా పోగొట్టుకోదు, రెండవ స్థాయికి దిగుతుంది. అందులోని దీర్ఘం దీర్ఘంగానే మిగులుతుంది. ‘బార్న్’ అంటే బిడ్డ, ‘హాగె’ అంటే తోట. ‘బార్నెహాగె’ అంటే చిన్నపిల్లల బడి. నడుమ చేరిన ఎకారం అతుకు. కొన్ని సమాసాల్లో ఈ పని సకారం చేస్తుంది: ‘ఫ్రేడాగ్’ అంటే శుక్రవారం, ‘క్వెల్’ అంటే సాయంకాలం, రెండూ కలిస్తే ‘ఫ్రేడాగ్స్‌క్వెల్’. ఆ సకారం పుట్టుక పాతకాలపు షష్ఠీవిభక్తి ప్రత్యయంలో ఉంది. యుధిష్ఠిరుడి పేరులో సప్తమి లోపించకుండా నిలిచినట్టు, ఇక్కడ షష్ఠి నిలిచింది. మన అలుక్సమాసాలకు దూరపు చుట్టమన్నమాట.

ఊనిక మొదటికే ఎందుకు వచ్చింది? దీనికి సమాధానం వెతుకుతూ వెళితే దారి మళ్ళీ వేదం దగ్గరికే వస్తుంది. నార్వే, డెన్మార్క్, స్వీడన్ భాషలూ, జర్మన్, ఇంగ్లీషులూ అన్నీ జర్మానిక్ కుటుంబానివి. ఈ కుటుంబంలో ఒక చిక్కు ఉండేది. సంస్కృతంలో ‘భ్రాతా’, ‘పితా’ రెండింటిలోనూ ఉన్నది తకారమే. పాత గోథిక్ భాషలో మాత్రం సోదరుడి మాటలో ‘థ’ వంటి ధ్వని, తండ్రి మాటలో ‘ద’ వంటి ధ్వని కనిపిస్తాయి. నేటి జర్మన్‌లోనూ సోదరుడు ‘బ్రూడర్’, తండ్రి ‘ఫాటర్’. ఒకే తకారం రెండు దారులు ఎందుకు పట్టింది? 1877లో అచ్చయిన ఒక వ్యాసంలో కార్ల్ వెర్నర్ అనే డెన్మార్క్ పండితుడు దీన్ని విప్పాడు. వేదంలో ‘భ్రాతా’కు ఉదాత్తం మొదటి అక్షరం మీద, ‘పితా’కు చివరి అక్షరం మీద ఉంటుంది. హల్లుకు ముందున్న అక్షరం మీద స్వరం ఉన్న చోట ఒక దారి, లేని చోట మరొక దారి. అంటే జర్మానిక్ భాషలకు కూడా ఒకప్పుడు వేదంలో వలె స్థానం మారే స్వరం ఉండేది. ఆ తరువాతే అది మొదటి అక్షరానికి వచ్చి స్థిరపడింది. నార్వే సమాసానికి మొదటి పదం మీద ఊనిక పడటానికి మూలం అక్కడుంది. తెలుగునాట వైదికులు ఎక్కువగా అధ్యయనం చేసేది తైత్తిరీయశాఖ. ఇటువంటి శాఖలను వల్లెవేసినవారి నోట తరతరాలుగా నిలిచిన ఉదాత్తం ఐరోపా భాషల చిక్కుముడికి తాళంచెవి అయిందంటే నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే.

నార్వే భాషలో ఊనికకు తోడు మరొకటి ఉంది. ఊనిక పడిన మాట రెండు రకాల బాణీల్లో ఏదో ఒకదానిలో పలుకుతుంది. ఓస్లో పరిసరాల్లో మొదటి బాణీ ఊనిక ఉన్న అక్షరం మీద కిందిస్థాయిలో మొదలై పైకి పోతుంది. రెండవది పైనుంచి కిందికి దిగి మళ్ళీ లేస్తుంది. ‘బొన్నెర్’ అని మొదటి బాణీలో అంటే రైతులు. రెండవ బాణీలో అంటే చిక్కుడుగింజలు, లేదా ప్రార్థనలు. రాతలో రైతులకు ఒక డకారం ఎక్కువ, కాని అది పలకదు. ‘టంకెన్’ అని మొదటి బాణీలో అంటే యుద్ధట్యాంకు, రెండవ బాణీలో అంటే ఆలోచన. ఇక్కడ రాతలోనూ తేడా లేదు.

ఈ రెండు బాణీలు ఎక్కడివి? నార్వే వ్యాకరణాల్లో వాటికి వాడుకలో ఉన్న పేర్లే జవాబు చెబుతాయి: ఏకాక్షరస్వరం, ద్వ్యక్షరస్వరం. వేయేళ్ళ కిందటి భాషలో రైతులు అన్న మాట ‘బొండ్ర్’, ఒకే అక్షరం. ప్రార్థనలు అన్న మాట అప్పుడే రెండు అక్షరాలు. కాలక్రమంలో మొదటిదాని చివర ఒక అచ్చు చొరబడి అదీ రెండు అక్షరాలదైంది. అక్షరసంఖ్య సమానమైంది గాని పాత లెక్కను గొంతు మరిచిపోలేదు. ‘టంకెన్’ కథ కూడా ఇదే. నార్వే భాషలో ‘ఆ ఫలానా’ అని సూచించే ‘ఎన్’ ఒకప్పుడు విడిమాట. తరువాత నామవాచకం చివరికి వచ్చి అతుక్కుంది. ‘టాంక్’ అనే ఒంటి అక్షరానికి అది చేరితే మొదటి బాణీ. ‘టంకె’ అనే రెండక్షరాల మాటకు చేరితే రెండవ బాణీ. ట్యాంకు నిన్నమొన్నటి మాటే అయినా, పలికేవాడు దాన్ని పాత లెక్కలోనే వేశాడు. పొరుగున ఉన్న డెన్మార్క్ భాషలో ఈ సంగీతం లేదు. నార్వేలో మొదటి బాణీ ఉండే చోట వారు గొంతును క్షణకాలం బిగపట్టి వదులుతారు. రైతులకూ చిక్కుడుగింజలకూ అక్కడ తేడా ఆ బిగింపే.

సమాసాల్లో ఏ బాణీ వస్తుందన్నది ఒక ఊరి నుంచి మరొక ఊరికి మారుతుంది. స్టాక్‌హోమ్ స్వీడిష్‌లో దాదాపు ప్రతి సమాసమూ రెండవ బాణీలోనే పలుకుతుంది. తూర్పు నార్వేలో రెండూ వినిపిస్తాయి. ఏది రావాలో చాలావరకు మొదటి పదమే నిర్ణయిస్తుంది. బెర్గెన్ వంటి పడమటి ప్రాంతాల్లో పైస్థాయి కిందిస్థాయి తారుమారవుతాయి. బెర్గెన్‌కు ఉత్తరాన కొన్ని చోట్ల, ఉత్తరపు కొసన ఫిన్‌మార్క్‌లో కొన్ని చోట్ల ఈ భేదమే లేదు. ఒక మనిషి నోరు విప్పితే ఏ లోయవాడో చెప్పగలిగే గుర్తు ఇది.

ఇప్పుడు ఈ చరిత్రలో నాకు అన్నిటికన్నా ఆలోచింపజేసిన సంగతికి వస్తున్నాను. ఇంత సూక్ష్మమైన వ్యవస్థ ఉన్న జాతికి నాలుగు వందల యేళ్ళకు పైగా సొంత ప్రభుత్వం లేదు. 1380 నుంచి 1814 వరకు నార్వే డెన్మార్క్ రాజుల కింద ఉంది. 16వ శతాబ్దానికి నార్వే రాత అంతరించింది. 1537లో మతసంస్కరణతో బైబిలూ డెన్మార్క్ భాషలోనే వచ్చింది. కచేరీ, చర్చి, బడి అన్నీ ఆ రాతలోనే నడిచాయి. పట్టణాల్లో చదువుకున్నవారు డెన్మార్క్ రాతను ముందు పెట్టుకుని దాన్ని నార్వే ధ్వనులతో, నార్వే ఊనికతో, నార్వే బాణీతో చదివేవారు. కన్ను ఒక దేశంలో, నోరు మరొక దేశంలో ఉన్నట్టు.

1814 తరువాత ఈ కన్నునూ నోటినీ కలపడానికి రెండు దారులు ఏర్పడ్డాయి. రైతుకుటుంబంలో పుట్టిన ఈవార్ ఓసెన్ 1842 నుంచి 1846 వరకు పల్లెలు తిరిగి మాండలికాలు సేకరించాడు. 1848లో వ్యాకరణం, 1850లో నిఘంటువు వెలువరించి, పల్లెభాషల పునాది మీద ఒక కొత్త రాతభాషను కట్టాడు. ఉపాధ్యాయుడైన క్నూడ్ క్నూడ్సెన్ ఉన్న డెన్మార్క్ రాతనే పట్టణపు ఉచ్చారణకు దగ్గరగా మెల్లమెల్లగా జరపాలన్నాడు. 1885లో పార్లమెంటు రెంటికీ సమానహోదా ఇచ్చింది. 1929లో వాటికి ‘నీనొర్స్క్’, ‘బూక్‌మోల్’ అన్న నేటి పేర్లు స్థిరపడ్డాయి. 1907, 1917, 1938, 1981, 2005 సంవత్సరాల్లో వర్ణక్రమసంస్కరణలు వచ్చాయి. రెంటినీ కలిపి ఒకే భాష చేయాలన్న ప్రయత్నం మీద 1950లలో తల్లిదండ్రులు పాఠ్యపుస్తకాలనే దిద్దేటంత కలహం రేగింది. ఆ విధానాన్ని ప్రభుత్వం 2002లో అధికారికంగా విడిచిపెట్టింది. గ్రాంథిక వ్యావహారిక వివాదం తెలిసిన మనకు ఈ కథలో కొత్త ఏమీ అనిపించదు.

కాని ఒకటి గమనించండి. గకారం పోయి కకారం రావాలా, ఏ అచ్చు ఎక్కడ ఉండాలి అని నూరేళ్ళు వాదించుకున్న ఈ సంస్కరణల్లో ఏదీ ఊనికకూ బాణీకీ ఒక గుర్తు పెట్టలేదు. డెన్మార్క్ రాత వాటిని చెరపలేకపోయింది, ఎందుకంటే అవి రాతలో ఎన్నడూ లేవు. స్వతంత్రమైన రాత వాటిని కాపాడనూ లేదు. తల్లి నోట విని బిడ్డ పట్టుకున్నాడు, అంతే. నార్వే భాషలో అందరికన్నా పురాతనమైన దస్తావేజు ఏ భాండాగారంలోనూ లేదు. అది వీధిలో వినిపిస్తుంది.

గుర్తు లేని దాన్ని కన్ను పట్టుకోవలసివచ్చినప్పుడు ఇబ్బందులు మొదలవుతాయి. మొదటి ఇబ్బంది అచ్చుకూర్పరులది. వరుస చివర మాటను విరవవలసివస్తే నార్వే పద్ధతిలో రెండు సూత్రాలు ఉన్నాయి. ఒకటి, ఒక్క హల్లును తరువాతి వరుసకు పంపడం. రెండు, సమాసమైతే పదాల అతుకు దగ్గర విరవడం. ‘విన్’ అంటే ద్రాక్షసారాయి, ‘స్టొక్’ అంటే కాండం. ద్రాక్షతీగను ‘విన్‌స్టొక్’ అంటారు. మొదటి సూత్రం గుడ్డిగా పాటిస్తే ‘విన్స్’ ఒక వరుసలో, ‘టొక్’ మరొక వరుసలో పడతాయి, రెండూ అర్థం లేని ముక్కలు. మనం ఇందాక చూసిన గృహనిర్బంధాన్ని అదే సూత్రంతో విరిస్తే ఆశ్వికసైనికుడు ప్రత్యక్షమవుతాడు. యంత్రానికి మాట వినిపించదు కనుక కంప్యూటరుకు ఈ విరుపు నేర్పడం మరీ కష్టం.

ఇందులోనే ఒక ముచ్చటైన నియమం ఉంది. నార్వే రాతలో ఊనిక ఉన్న అక్షరంలో అచ్చు పొట్టిదైతే తరువాతి హల్లును సాధారణంగా రెండుసార్లు రాస్తారు. ‘టాక్’ అంటే ఇంటికప్పు, ‘టక్క్’ అంటే కృతజ్ఞత. ‘నట్ట్’ అంటే రాత్రి, చివర రెండు టకారాలు. ‘టోగ్’ అంటే రైలు, మొదట ఒక టకారం. కలిపితే మూడు రావాలి. ఒకే హల్లు మూడుసార్లు వరుసగా రాయకూడదు కనుక రాత్రి రైలును ‘నట్టోగ్’ అని రెండింటితోనే రాస్తారు. అయితే వరుస చివర ఆ మాటను విరవవలసివస్తే లోపించిన టకారం తిరిగి వస్తుంది: ‘నట్ట్’ ఇటు, ‘టోగ్’ అటు. సంధిలో పోయిన వర్ణం పదచ్ఛేదంలో మళ్ళీ కనిపించినట్టే. ‘బుస్స్’ అంటే బస్సు, ‘స్కూర్’ అంటే పందిరి. బస్సుల కోసం నిలబడే పందిరిని రాస్తే మూడు సకారాల్లో ఒకటి పోతుంది. ఆ రాతను ‘బుస్స్’, ‘కూర్’ అని చదివితే బస్సుకు చికిత్స అని అర్థం వస్తుంది.

రెండవ ఇబ్బంది సామాన్యులది. సమాసాన్ని రెండు మాటలుగా విడదీసి రాయడాన్ని నార్వేలో ‘సేర్‌స్క్రీవింగ్’ అంటారు. భాషాభిమానులకు ఇది కంటిలో నలుసు. ‘రొయ్క్’ అంటే పొగ, ‘ఫ్రిట్ట్’ అంటే లేనిది, స్వేచ్ఛగా అని కూడా. కలిపి రాస్తే ఇక్కడ పొగతాగరాదు. విడదీస్తే స్వేచ్ఛగా పొగ తాగండి. ‘లమ్మెలోర్’ కలిపి రాస్తే గొర్రెపిల్ల తొడమాంసం, విడదీస్తే పక్షవాతం వచ్చిన తొడలు. డబ్బాలో అమ్మే అనాసచక్రాలను విడదీసి రాస్తే అనాసపండు ఫోను చేస్తోందని అర్థం. ఈ నేరం సాధారణంగా ఇంగ్లీషు మీద మోపుతారు. ఇంగ్లీషులో సమాసాల నడుమ ఖాళీ ఉండటం వల్ల చూసి నేర్చుకుంటున్నారని. అందులో కొంత నిజముంది. కాని మధ్యయుగపు నార్స్ రాతప్రతుల్లో కూడా సమాసాలను విడిగా రాయడం తరచుగా కనిపిస్తుంది. విడదీసి రాసిన దుకాణదారు కూడా ఆ మాటను చదివి వినిపించమంటే ఒకే ఊనికతో చదువుతాడు. సమాసం అతని నోట చెక్కుచెదరలేదు. చెదిరింది కాగితం మీద.

నోటిలోనే చెదిరితే ఏమవుతుంది? దీనికి సాక్ష్యం ఒక వైద్యపత్రంలో ఉంది. 1940 ఏప్రిల్ 9న జర్మనీ నార్వేను ఆక్రమించింది. 1941 సెప్టెంబరులో ఓస్లోలో జరిగిన వైమానికదాడిలో ఒక యువతి తల ఎడమభాగానికి బాంబు శకలం తగిలింది. కొంతకాలం మాట పోయింది, కుడిపక్క పడిపోయింది. క్రమంగా కోలుకుంది, మాటా వచ్చింది. కాని వచ్చిన మాటలో ఊనికా బాణీ ఉండవలసిన తీరులో లేవు. పాట పాడగలదు, మాటలోని పాట మాత్రం పోయింది. వినేవారికి ఆమె జర్మన్ వనితలా వినిపించింది. ఆమె నార్వే దాటి ఎక్కడికీ వెళ్ళినది కాదు. ఆక్రమణలో ఉన్న నగరంలో దుకాణాలవారు ఆమెకు సరుకులు ఇవ్వలేదు. ఓస్లో నరాలవైద్యుడు మోన్రాడ్-క్రోన్ ఆమెను పరీక్షించి 1947లో ‘బ్రెయిన్’ పత్రికలో ఈ ఉదంతాన్ని ప్రకటించాడు. పరాయి యాస పట్టే ఈ వ్యాధి గురించి రాసేవారు నేటికీ ఆ పత్రాన్ని తలుస్తారు.

ఆమె నిఘంటువులోని ఏ మాటనూ మరిచిపోలేదు. వర్ణక్రమసంస్కరణలు తగువులాడుకున్న లిపిగుర్తులన్నీ ఆమెకు వచ్చు. పోయింది ఏ పుస్తకంలోనూ గుర్తు లేనిది. సొంత ఊరిలో, సొంత భాషలో రొట్టె అడిగితే శత్రువుగా నిలబెట్టడానికి అంత చాలింది. ఇంద్రశత్రు కథను నేను చిన్నప్పటి నుంచి ఉచ్చారణశుద్ధికి చెప్పే నీతికథగా వింటూ వచ్చాను. ఈ వైద్యపత్రం గురించి చదివిన తరువాత దానిలో నాకు మరొక కోణం కనిపించింది. స్వరం మాటకు అలంకారమే అయితే అది తప్పినప్పుడు మాట అందం మాత్రమే పోవాలి. త్వష్ట విషయంలో మాట అర్థమే మారిపోయింది. ఈ యువతి విషయంలో పలికిన మనిషి ఎవరన్నదే మారిపోయింది.

అందుకే, సమాసాన్ని బిగించేది ఏది అన్న ప్రశ్నకు నా సమాధానం ఐకస్వర్యమే. ఐకపద్యం దాని నీడ. నార్వేవారి మూడవ హల్లు నియమమూ, వరుస చివరి విరుపూ, విడిరాత మీద వారి విసుగూ అన్నీ ఆ నీడను కాగితం మీద పట్టుకోవడానికి చేసిన ప్రయత్నాలు.

తెలుగులో ఊనిక అర్థాన్ని మార్చదన్నది నిజమే గాని, సమాసాన్ని పలికే తీరూ విడిమాటలను పలికే తీరూ ఒకటేనా అన్న అనుమానం నన్ను వదలడం లేదు. ‘రామబాణం’ అన్నప్పుడూ ‘రాముడి బాణం’ అన్నప్పుడూ మీ గొంతు ఎక్కడ లేస్తుందో, ఎక్కడ దిగుతుందో ఒకసారి బిగ్గరగా పలికి చూడండి. కోస్తావారికీ, తెలంగాణవారికీ, రాయలసీమవారికీ ఒకేలా ఉందేమో వ్యాఖ్యల్లో రాయండి. ఛందస్సూ ధ్వనిశాస్త్రమూ తెలిసిన మిత్రులు మరింత వివరంగా చెబితే సంతోషిస్తాను.